ఎవరూ ముట్టుకోని కథ

మా అక్క గొంతు ఆ రోజు రెండు చోట్ల చావుబతుకుల మధ్య ఉంది. ఒకటి ఆసుపత్రిలో, ఆపరేషన్ బల్ల మీద. రెండోది రోడ్డుకు ఇవతల మా ల్యాబులో, మూలనున్న ముసలి సర్వర్‌లో. మొదటిదాన్ని డాక్టర్లు కోసి తీసేస్తున్నారు. పుండు స్వరపేటికంతా పాకింది, తీస్తే తప్ప మనిషి దక్కదన్నారు. రెండోదాన్ని దక్కించుకోవాల్సింది నేను.

అక్క పేరు ఇబ్తిహాజ్. మా ఊరు సైదాలో రేవు పక్క బడిలో పిల్లలకు చదువు చెప్పేది. ఆవిడ పాఠం మొదలుపెడితే చేపల బజారులో బేరాలు ఆగిపోతాయని మా వీధిలో వేళాకోళం. గొంతు పోతుందని తేలాక ఏడుస్తూ కూర్చోలేదు. "ఉన్నన్నాళ్ళూ వాడదాం, పోయాక దాచుకున్నది తిందాం" అని రోజూ మా ల్యాబుకొచ్చి మైకు ముందు కూర్చుంది. మా పనే అది. గొంతు పోబోయేవాళ్ళ మాటల్ని ముందే పట్టి దాస్తాం. తరవాత వాళ్ళు టాబ్లెట్ మీద బొమ్మ నొక్కితే వాళ్ళ గొంతే పలుకుతుంది.

ముందు అవసరానికి పనికొచ్చేవి చెప్పింది. నీళ్ళు కావాలి, నొప్పిగా ఉంది, ఆ కిటికీ వేయండి, మీ అమ్మ ఎలా ఉంది. వందల కొద్దీ. పంతులమ్మ కదా, ఒక్క అక్షరం జారనివ్వలేదు. అవి చెప్పి చెప్పి విసుగొచ్చి ఒక రోజు మా బావ మీదికి మళ్ళింది. మా బావ మున్‌జిర్ రేవులో చెక్క పడవలు కడతాడు. "మున్‌జిర్, ఆ రంపపు పొట్టు కాళ్ళతో ఇంట్లోకి రాకు!" "మున్‌జిర్, ఆ రేడియో తగ్గించు, చేపలు చెవులు మూసుకుంటున్నాయి!" "ఏ పనైనా సగంలో వదిలేస్తావేం మున్‌జిర్? మళ్ళీ మొదలుపెట్టి చివరిదాకా చెయ్యి!" ఈ చివరి తిట్టుకు కారణం వాళ్ళ వంటింటి అలమర. తలుపు లేకుండా ఏళ్ళ తరబడి నోరు తెరుచుకునే ఉంది. ఆ రోజు బావ గది బయట నిలబడి, "యంత్రంలోంచి కూడా తిట్లేనా? చచ్చినా నాకు విముక్తి లేదన్నమాట" అని గొణిగాడు. ఆ మర్నాటి నుంచీ అక్కను దింపడానికి వచ్చినప్పుడల్లా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ తిట్లే వినేవాడు.

అన్నిటికన్నా ఆఖరున అక్క ఒక కథ చెప్పింది. కూతురు షాదెన్‌కు నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకు అమ్మమ్మ చెప్పే కథ అది. నన్ను కూడా బయటికి పంపి తలుపు వేసుకుంది. గంటకు పైగా చెప్పి, ఎర్రబడిన కళ్ళతో బయటికొచ్చి, "బిడ్డ ఒళ్ళో పడ్డాకే ఇది వినాలి. అంతదాకా ఎవరూ ముట్టుకోకూడదు. నా ప్రాణం మీద ఒట్టు" అని మా అందరి చేతా వేయించింది. వేశాం. ఇది జరిగి రెండు వారాలైంది.

సర్వర్‌లో రెండు డిస్కులుండాలి. ఒకటి చస్తే రెండోది కాస్తుంది. మాకు ఒకటే మిగిలింది. చచ్చినదానికి బదులు రావాల్సింది బేరూత్ కస్టమ్స్‌లో కూర్చుంది. ఆ మధ్యాహ్నం అక్క మాటలన్నీ కొత్త టాబ్లెట్‌లోకి ఎక్కించాలని అనుకున్నాం. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, సరిగ్గా ఆ మధ్యాహ్నమే మా వీధికంతా కరెంటిచ్చే జనరేటర్ మోటారు ఆగింది. ఆగుతూ ఆగుతూ కరెంటును ఒక్క ఊపు ఊపింది. బ్యాటరీ అందుకుని సర్వర్‌ను నిలబెట్టింది కానీ లోపల డిస్కు కట్ కట్‌మని రెండు సార్లు కొట్టుకుని మూగబోయింది.

"పోయింది," అన్నాడు రబీ. నా పక్క బల్ల వాడు, నాతో పాటే ఈ సర్వర్‌ను మోస్తున్నవాడు. "లమీస్, డిస్కు పోయింది."

బావ అక్కడే ఉన్నాడు. పొద్దున అక్కను లోపలికి తీసుకెళ్ళాక ఆసుపత్రి వరండాలో నిలవలేక రోడ్డు దాటి వచ్చి, "నాలుగు తిట్లు విననీ మరదలా" అన్నాడు. హెడ్‌ఫోన్లిచ్చి మూల కుర్చీలో కూర్చోబెట్టాను. ఇప్పుడు అవి మెడకు వేలాడుతుండగా లేచి నిలబడ్డాడు.

"పోవడమేంటి? పెట్టె నడుస్తోంది కదా, దీపాలు వెలుగుతున్నాయి!"

"పెట్టె బతికే ఉంది బావా. అది దాచుకున్న గది కూలిపోయింది."

ఆయనకు చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. యంత్రం లోపల అన్నిటి మీదా పెత్తనం చేసేదాన్ని కెర్నెల్ అంటాం. అది ఇరుకు వంటింట్లో కాపురం చేసే ఇల్లాలి లాంటిది. వంటగట్టు చిన్నది, అది మెమరీ. వెనక సామాన్ల గది పెద్దది కానీ దూరం, అది డిస్కు. ఎవరేది అడిగినా గదిలోంచి తెచ్చి ఇస్తుంది, ఇచ్చాక వెంటనే లోపల పెట్టేయదు. మళ్ళీ అడుగుతారేమోనని ఒక నకలు గట్టు మీదే ఉంచుతుంది. దాన్ని క్యాష్ మెమరీ అంటాం. గట్టు నిండితే, ఎవరూ చాలాకాలం ముట్టుకోనిదాన్ని ముందు తీసేస్తుంది. నడుస్తున్న ప్రోగ్రాములు తమ చేతిలో పట్టుకున్న సరుకును కూడా, కదపకుండా ఉంటే, గదిలో స్వాప్ అనే మూలకు నెట్టి, అడిగినప్పుడు తెచ్చిస్తుంది. ఇదంతా ఎవరికీ తెలియకుండా చేస్తుంది. అంత తెలివైన ఇల్లాలు ఇంకోటి లేదు. ఇప్పుడు గది కూలింది. ఇక గట్టు మీద ఏముంటే అదే.

"అయితే గట్టు మీద ఉన్నది తియ్యి!" అని అరిచాడు బావ.

"తియ్యాలి. ఏం ఉందో చూడాలన్నా జాగ్రత్తగా చూడాలి."

నేను ఈ మాట అంటుండగానే రబీ తన అలవాటు కొద్దీ కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. సర్వర్ మొరాయిస్తే చాలు, మెమరీ నిండిపోయిందని బెంగపడి క్యాష్ అంతా ఒక్క ఆజ్ఞతో ఊడ్చేయడం వాడి జబ్బు. నిండి ఉండటమే దాని ఆరోగ్యమని ఎన్నిసార్లు చెప్పినా వాడికి ఖాళీ కనబడితేనే నిద్ర పడుతుంది.

"ఒక్కసారి ఊడ్చేస్తా, తేలికపడుతుంది..."

వాడి మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాను. గోళ్ళు దిగాయి. "ఊడ్చావంటే నీ చేతులు విరిచేస్తా! అక్క ఉన్నది అక్కడేరా!"

వాడి మొహం పాలిపోయింది. గోళ్ళ గాట్లు రుద్దుకుంటూ, "సరే, రికార్డు చేసే ప్రోగ్రాము నెలన్నరగా మూయకుండా నడుస్తోంది. ఆవిడ మాటలన్నీ దాని చేతిలోనే ఉంటాయి. నీ ల్యాప్‌టాప్‌కు పంపమని దాన్నే అడుగు," అన్నాడు.

"దాని సరుకులో సగం స్వాప్‌లో ఉంటుంది. లేనిదాన్ని ముట్టుకుంటే అది చస్తుంది."

"మరి ఊరికే చూస్తూ కూర్చుంటావా?" బావ బల్ల గుద్దాడు. "అడుగు! అడిగితే పోయేదేముంది?"

అడిగితే పోయేది చాలా ఉంది. కానీ బ్యాటరీ పెట్టె అప్పటికే కీచుకీచుమని అరుస్తోంది, నాకు కూడా ఆశ చావలేదు. నొక్కాను. ఒక క్షణం ఏదో కదిలినట్టే కదిలింది. తరవాత తెర మీద ఒక్క ముక్క వచ్చింది, బస్ ఎర్రర్ అని. ప్రోగ్రాము చచ్చింది. కూలిన మూలలో ఉన్నదేదో ముట్టుకోబోయి, తన దగ్గర మిగిలినదాన్ని కూడా పట్టుకునే పోయింది.

"ఏమైంది?" అన్నాడు బావ. నేను తెరకేసే చూస్తున్నాను. "ఏమైందే? చెప్పవేం?"

"సగం ఆశ పోయింది," అన్నాను.

ఆయన కూర్చోలేదు, తిట్టలేదు. కిటికీ దగ్గరికెళ్ళి రోడ్డు అవతల ఆసుపత్రి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. నాకు ఆయన మీద ఎక్కడలేని కోపం వచ్చింది. అడగమని చెప్పింది తనే, మౌనంగా నిలబడేది తనే. ఆ కోపం నిజానికి నా భయమేనని తెలుసు.

ఇక మిగిలింది ఫైళ్ళ నకళ్ళు. ఈమధ్య ఎవరైనా తెరిచి విన్న ఫైలుంటే, అది ఇంకా గట్టు మీద ఉండవచ్చు. వాటిని ల్యాప్‌టాప్‌కు పంపడానికి చిన్న ఆజ్ఞ కావాలి. ఆ ఆజ్ఞ కూడా గదిలో ఉండేదే. గట్టు మీద లేకపోతే అదీ లేనట్టే. పొద్దున దాన్ని వాడాను కనుక ఉంటుందని నా నమ్మకం. వేళ్ళు కీల మీద పెట్టానో లేదో, రబీ ఉన్నట్టుండి "యా రబ్బీ, దేవుడా!" అని నెత్తి కొట్టుకున్నాడు.

"ఇంకేంటి?"

"రోజూ మధ్యాహ్నం మూడింటికి దానంతటదే ఊడ్చేలా పెట్టాను."

"ఏం పెట్టావు?"

"నిన్న సాయంత్రం... మెమరీ నిండుతోందని పెద్దసారు సతాయిస్తుంటే. మూడు కొట్టగానే క్యాష్ ఖాళీ అయ్యేలా..."

గోడ గడియారం చూశాను. మూడు కావస్తోంది.

"నీ పెద్దసారు పాడెక్క!" అన్నాను. ఆ పనుల్ని వేళకు నడిపే ప్రోగ్రామును చంపాలి. చంపాలంటే దాని నంబరు తెలియాలి. నంబర్లు చూపించే ఆజ్ఞ కొడితే, డిస్కు లేదు పొమ్మంది. అది గట్టు మీద లేదు. చివరికి నా తెర మీద తెరిచి ఉన్న, ఆజ్ఞలు కొట్టే కిటికీకి పుట్టుకతో వచ్చిన నాలుగు మాటలతోనే పని నడపాల్సి వచ్చింది. వాటికి గదితో పనిలేదు. ఒక్కో ప్రోగ్రాము తలుపూ తట్టి నీ పేరేమిటని అడుగుతూ పోయాను. రబీ నా భుజం మీంచి చదువుతున్నాడు. "అది కాదు. అది కాదు. అదీ కాదు. లమీస్, ముల్లు... ముల్లు చూడు... అదే! అదే!"

చంపాను. గడియారం మూడు కొట్టింది. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం అంత గొప్ప విషయమని అంతకుముందు నాకు తెలియదు.

"అబూ తహసీన్‌కు ఫోన్ చెయ్యి," అన్నాను రబీతో. "మోటారు వెయ్యమను. కాళ్ళు పట్టుకో."

అబూ తహసీన్ మా వీధి మోటారు యజమాని. భోజనం తరవాత మోటారుకూ ఆయనకూ ఒకేసారి నిద్ర.

"బాబాయ్ అబూ తహసీన్, కొంచెంసేపు, ఒక్క కొంచెంసేపు వెయ్యండి..."

ఫోన్లోంచి ఆవలింత ఇటు దాకా వినపడింది. "మోటారు కూడా మనిషేరా నాయనా. చల్లారొద్దూ? పేలితే నువ్విస్తావా కొత్తది?"

"ఇక్కడ ఒక మనిషి గొంతు పోతోంది!"

"గొంతు పోతే డాక్టరుకు చెయ్యి, నాకెందుకు చేస్తావు?"

బావ వచ్చి ఫోను లాక్కున్నాడు. "అబూ తహసీన్, నేను మున్‌జిర్‌ని. పడవల మున్‌జిర్‌ని. మా ఇబ్తిహాజ్..." ఆ తరవాత మాట రాలేదు. ఫోను చెవికి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. తరవాత అబూ తహసీన్ గొంతు మారింది. "పంతులమ్మా? మా తహసీన్‌కు అక్షరాలు దిద్దించింది ఆవిడేగా. ఉండు. చెప్పులు ఎక్కడ తగలడ్డాయో... ఉండు, వెళ్తున్నా."

మోటారు దాకా ఆయన నడవాలి. మోటారు కూడా లేవాలి. నేను ఒక్కో ఫైలే పంపడం మొదలుపెట్టాను. నీళ్ళు కావాలి: లేదు. నొప్పిగా ఉంది: లేదు. కిటికీ వేయండి: లేదు. మీ అమ్మ ఎలా ఉంది: లేదు. అంత శ్రద్ధగా, అక్షరం జారకుండా చెప్పినవి. చెప్పిన రోజు తరవాత ఎవరూ తెరవలేదు. మా ల్యాబు విద్యార్థులు ఇదే సర్వర్‌లో నడిపే బరువు పనులు గట్టు మీదికి రాగానే కెర్నెల్ వాటిని తీసి పడేసింది. దాని తప్పేం లేదు, అవి ఎవరికీ అక్కర్లేదనుకుంది. నేను పేర్లు కొడుతూనే ఉన్నాను, తెర లేదు లేదంటూనే ఉంది. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"తిట్లు చూడు," అన్నాడు బావ మెల్లగా.

రంపపు పొట్టు: వచ్చింది. రేడియో: వచ్చింది. సగంలో వదిలేస్తావేం: వచ్చింది. బావ విన్న ప్రతి తిట్టూ చెక్కుచెదరకుండా ల్యాప్‌టాప్‌లోకి దిగింది. ప్రపంచంలో మా అక్క గొంతుగా మిగిలింది మొగుడి మీద తిట్లు మాత్రమే. రబీ నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు.

"కథ?" అన్నాడు రబీ.

"దాన్ని రెండు వారాలుగా ఎవరూ ముట్టుకోలేదు," అన్నాను. "ఒట్టు వేశాం. అందుకే అది ఉండదు. అన్నిటికన్నా ముందు పోయేది అదే."

అంటూనే పేరు కొట్టాను. చూడకుండా ఉండలేక కొట్టాను. తెర మీద లేదన్న మాట వెంటనే రాలేదు. ఏదో వస్తోంది. వస్తోంది. రబీ కుర్చీలోంచి లేచాడు. తరవాత ఆగి, డిస్కు లేదని చెప్పింది. ల్యాప్‌టాప్‌లో చూస్తే, గంట పైచిలుకు కథలో మొదటి చిన్న ముక్క దిగి ఉంది.

"ఇలా జరగదే," అన్నాను. "ఇది ఇవాళ ఎవరో తెరిచారు. తెరిచి, కొంచెం విని, ఆపేశారు. విన్నదానికన్నా కొంచెం ముందుకే తెచ్చిపెట్టుకుంటుంది కెర్నెల్, అడుగుతారని. అంతవరకే ఉంది."

బ్యాటరీ ఇప్పుడు ఆగకుండా అరుస్తోంది.

"నేనే," అన్నాడు బావ. "ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళేటప్పుడు నాకేసి చూసి ఏదో అంది. తలుపు మూసేశారు, వినపడలేదు. ఆమె ఆఖరి మాట నేను వినలేదు లమీస్. అందుకని ఇక్కడికొచ్చి... తెరిచాను. రెండు మాటలు విన్నానో లేదో ఒట్టు గుర్తొచ్చింది. సిగ్గేసింది. ఆపేశాను."

నేను తల ఊపాను. అంతకన్నా ఏం చేయగలను?

"అంటే," అన్నాడు నెమ్మదిగా, లెక్క తేల్చుకుంటున్నట్టు, "ఒట్టు నిలబెట్టి ఉంటే అసలేమీ మిగిలేది కాదు."

"మిగిలేది కాదు."

"సిగ్గు లేకుండా మొత్తం వినేసి ఉంటే?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. నోరు రాలేదు. ఆయన నా మొహంలోనే జవాబు చదువుకుని నేల మీద కూలబడ్డాడు. పడవల దూలాలు ఒంటి చేత్తో ఎత్తే మనిషి. హెడ్‌ఫోన్లను రెండు చేతులతో మొహానికి అదుముకుని ఏడ్చాడు. అప్పుడే బ్యాటరీ అరుపు ఆగింది. సర్వర్ దీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి. మేం ముగ్గురం ఆ నిశ్శబ్దంలో ఉండగా, వీధి చివర అబూ తహసీన్ మోటారు దగ్గి, దగ్గి, లేచింది.

అక్క బతికింది. మూడో రోజు ఒరిగి కూర్చోనిచ్చారు. మెడకు కట్టు, ఒళ్ళో రాసుకునే పలక. షాదెన్ పొట్ట పట్టుకుని పక్కన కూర్చుంది. ఎవరు చెప్పాలన్నది మాలో మేం చాలాసేపు తోసుకున్నాం. చివరికి బావే చెప్పాడు. డిస్కు సంగతి, మోటారు సంగతి, ఒట్టు తప్పిన సంగతి, సిగ్గుపడి ఆపేసిన సంగతి, ఏదీ దాచలేదు. అక్క కళ్ళు ఆయన మీంచి కదల్లేదు. టాబ్లెట్ ఆమె ఒళ్ళో పెట్టాను. అందులో తిట్ల బొమ్మలు, వాటి కింద ఆ కథ ముక్క. ఆమె కథ నొక్కింది.

"తేతా," అంది అక్క గొంతు. మా దగ్గర అమ్మమ్మను మనవలు తేతా అంటారు, మనవల్ని అమ్మమ్మ కూడా తేతా అనే పిలుస్తుంది. "తేతా, వింటున్నావా? సైదాలో ఒక పడవల వడ్రంగి ఉండేవాడు. మీ తాతలాగే మొండివాడు. వాడొక పడవ కట్టాడు. చూడటానికి ముచ్చటైన పడవ. కానీ దానికి నీళ్ళంటే భయం. రేవులో దింపుదామని వడ్రంగి తాడు విప్పాడో లేదో, అది..."

ఆగిపోయింది. షాదెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను తలుపు కేసి తిరిగాను.

అక్క పలక అందుకుని రాసింది. పంతులమ్మ రాత ఇంకా గుండ్రంగానే ఉంది. "మిగతాది నువ్వు చెప్పు" అని బావకు చూపించింది.

"నేనా? నాకు కథలేం వచ్చు ఇబ్తిహాజ్? నువ్వు రాసివ్వు, షాదెన్ చదువుతుంది."

ఆమె తల అడ్డంగా ఊపి, పలకను ఆయన గుండెకు ఆనించి నొక్కింది. బావ గొంతు సవరించుకున్నాడు. "అది... ఆ పడవ... నీళ్ళు చూసి భయపడి... ఏముంది, ఏడ్చింది. వడ్రంగి కూడా ఏడ్చాడు. అప్పుడు..." అక్కడితో ఆగాడు. చేతుల్లో మొహం దాచుకున్నాడు. "నావల్ల కాదు. వదిలెయ్ నన్ను. నావల్ల కాదు."

అక్క ఆయనకేసి చూసింది. తరవాత ఒళ్ళో టాబ్లెట్ మీద వేలు నెమ్మదిగా కిందికీ పైకీ జరిపి, వెతికి, ఒక బొమ్మ దగ్గర ఆపి నొక్కింది. గదంతా మోగేలా, చేపల బజారు దాకా వినపడేలా, మా అక్క అరిచింది.

"ఏ పనైనా సగంలో వదిలేస్తావేం మున్‌జిర్? మళ్ళీ మొదలుపెట్టి చివరిదాకా చెయ్యి!"

బావ చేతులు దించాడు. కళ్ళు తుడుచుకుని, కుర్చీని షాదెన్ పొట్టకు దగ్గరగా జరుపుకున్నాడు.

"సైదాలో ఒక పడవల వడ్రంగి ఉండేవాడు," అని మొదలుపెట్టాడు.